సీకం (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) గోడలోకి క్యాన్సర్ సెల్స్ ఎక్కిస్తే కడుపంతా కణితులు వచ్చాయి. తప్పు ఎక్కడ జరిగింది?

గుంటూరు_స్కాలర్:

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్నాను. పెద్దపేగు క్యాన్సర్ మీద ఒక కాంపౌండ్ పని చేస్తుందో లేదో చూడాలి. చర్మం కింద కణితి పెంచితే చాలదు, పేగులోనే పెంచు అని మా గైడ్ సార్ అన్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక మే నెలలో పైలట్‌గా ఎనిమిది చిట్టెలుకలకు సర్జరీ చేశాను. అన్నీ బాల్బ్-సి జాతి ఆడవి, 20 గ్రాములకు అటూ ఇటూ. సెల్స్ సీటీ26, అంటే చిట్టెలుక పెద్దపేగు క్యాన్సర్ కణాలు.

కెటమిన్, జైలజిన్ కలిపి మత్తిచ్చాను. ముందు రోజు రాత్రి నుంచి మేత ఆపాను. కడుపు మధ్యలో కోసి, సీకం బయటికి తీసి, ఇన్సులిన్ సిరంజితో గోడలోకి పది లక్షల సెల్స్ 50 మైక్రోలీటర్ల పీబీఎస్ (ఉప్పు ద్రావణం)లో ఎక్కించాను. తర్వాత ఒకే వరస కుట్టు వేసి మూసేశాను.

రెండు మత్తులోంచి లేవలేదు. ఒకటి మూడో రోజు కుట్లు కొరికేసుకుని చనిపోయింది. మిగిలిన ఐదింటిని 21వ రోజు తెరిచి చూశాను. ఒక్కదానిలో మాత్రమే సీకం మీద గట్టి కణితి ఉంది. నాలుగింటిలో సీకం మామూలుగానే ఉంది కానీ కడుపు పొర మీద, డయాఫ్రమ్ కింద సగ్గుబియ్యం చల్లినట్టు తెల్లటి గింజలు, రక్తం కలిసిన నీరు. మా సార్ చూసి "మెటాస్టాసిస్ బాగా వచ్చింది, ఇదే కంటిన్యూ చెయ్" అన్నారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. సీకంలో కణితే లేకుండా మెటాస్టాసిస్, అంటే క్యాన్సర్ వేరే చోటికి పాకడం, ఎక్కడి నుంచి వస్తుంది? రాత్రుళ్లు ఇదే టెన్షన్. ఈ పని చేతులతో చేసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

బెజవాడ_ల్యాబ్_అక్క:

తమ్ముడూ, నీ అనుమానమే నిజం. అది మెటాస్టాసిస్ కాదు. సెల్స్ కారిపోయాయి.

నేనూ గుంటూరు అమ్మాయినే, బ్రాడీపేటలో పెరిగాను. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో తొమ్మిదేళ్లు చిట్టెలుకలకు ఈ సర్జరీలే చేశాను. పెళ్లయ్యాక విజయవాడ వచ్చేశాను. మొదటి ఏడాది నువ్వు చూసిన సగ్గుబియ్యం గింజలే నేనూ చూశాను. అప్పుడు మా ల్యాబ్‌లో కూడా అందరూ సంతోషపడ్డారు. అది తప్పని తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది. నీకు అంత టైం పట్టకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

పేగు గోడలో పుట్టిన క్యాన్సర్ పాకడానికి దానికంటూ ఒక దారి ఉంది. గోడలో పెరిగి, పక్కన ఉన్న లింఫ్ గ్రంథుల్లోకి, పోర్టల్ సిర పట్టుకుని కాలేయంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మనుషుల్లో జరిగేదీ ఇదే. మా పెద్దమ్మకు పెద్దపేగులో కణితి తీసేశాక రెండేళ్లు బాగానే ఉంది. కాలేయంలోకి వచ్చాక ఆరు నెలలు కూడా ఉండలేదు. మనిషిని తీసుకెళ్లేది చాలాసార్లు ఆ రెండో కణితే. అందుకే ఆ దారిని సరిగ్గా చూపించే మోడల్ కావాలని ఇంత కష్టపడతాం. సూది పక్కనుంచి కారిన చుక్కలో వేల సెల్స్ ఉంటాయి. అవి కడుపులో ఎక్కడ పడితే అక్కడ అంటుకుని మొలకెత్తుతాయి. వాటి మీద నీ మందు పనిచేసినా, చెయ్యకపోయినా మెటాస్టాసిస్ గురించి ఆ ఫలితం ఏమీ చెప్పదు.

ఇక చేతి పని. 50 మైక్రోలీటర్లు చాలా ఎక్కువ. చిట్టెలుక సీకం గోడ తడి ఉల్లిపొరలా ఉంటుంది, అందులో అంత నీరు పట్టదు. నేను 20 మైక్రోలీటర్లు దాటించేదాన్ని కాదు. సీటీ26 చురుకైన సెల్స్, పది లక్షలు అక్కర్లేదు. నేను లక్షతో మొదలుపెట్టేదాన్ని. వట్టి పీబీఎస్ బదులు సగానికి సగం మాట్రిజెల్ అనే జెల్ కలుపు. చల్లగా ఉన్నంతసేపు అది నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడి తగలగానే గడ్డకట్టి సెల్స్‌ను పట్టుకుంటుంది. కాబట్టి సిరంజి, సూది, ట్యూబు అన్నీ ఐస్‌లోనే ఉండాలి. మన ఊళ్లో మే నెలలో టేబుల్ మీద రెండు నిమిషాలు వదిలేస్తే సూదిలోనే బిగుసుకుపోతుంది. ఎక్కించే ముందు ట్రిపాన్ బ్లూతో (చచ్చిన సెల్స్‌ను నీలంగా చూపే రంగు) చూసి 90 శాతం కంటే తక్కువ సెల్స్ బతికి ఉంటే ఆ రోజు సర్జరీ మానుకో. సెల్స్ ముద్దలు కట్టి ఉన్నా అంతే.

సీకాన్ని ఫోర్సెప్స్‌తో పట్టుకోవద్దు. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన కాటన్ బడ్‌తో దొర్లించుకుంటూ బయటికి తియ్యి. సాధారణంగా కడుపులో ఎడమ వైపు కామా ఆకారంలో, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో కనిపిస్తుంది. కింద తడి గాజ్ గుడ్డ పరిచి దాని మీద పెట్టు. ఆరిపోకుండా మధ్యమధ్యలో సెలైన్ చుక్కలు వెయ్యి. ఆరితే తర్వాత పేగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రక్తనాళాలు లేని చోటు చూసుకో. 30 గేజ్ సూది, ఏటవాలు మొన పైకి ఉండాలి. సూదిని గోడకు దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి గుచ్చు. మొన పైపొర కిందకు వెళ్లాక వెంటనే సెల్స్ వదలకు, గోడలోనే ఇంకో మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకు నడిపించు. ఆ సొరంగమే తర్వాత కారకుండా ఆపుతుంది. సూది పైపొర కింద ఉంటే దాని లోహపు మెరుపు పలచగా కనిపిస్తూనే ఉంటుంది. కనబడడం మానేసిందంటే లోతుకు, పేగు లోపలికి దిగిందని అర్థం.

అప్పుడు మెల్లగా, చాలా మెల్లగా నొక్కు. కాలిన చోట బొబ్బ లేచినట్టు తెల్లగా ఉబ్బుతుంది. ఆ బొబ్బ లేవాలి, లేచింది నిలవాలి. లేవలేదంటే సెల్స్ పేగు లోపలికి పోయాయి. లేచి ఠక్కున అణిగిందంటే చిట్లింది. సూది తీసే ముందు మనసులో ముప్పై లెక్కపెట్టు, ఆ లోపు జెల్ కాస్త గట్టిపడుతుంది. తీస్తూనే పొడి కాటన్ బడ్‌తో అద్ది ఇంకో అర నిమిషం పట్టుకో. తర్వాత ఆ చోటును స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు తుడువు. సెలైన్‌తో కాదు, నీళ్లతోనే. ఉప్పు లేని నీళ్లు తగిలితే బయట ఉన్న సెల్స్ ఉబ్బి పగిలిపోతాయి. ఆ తర్వాతే సీకాన్ని లోపలికి పంపు.

బొబ్బ ఎలా లేచిందో ప్రతి చిట్టెలుకకూ అదే నిమిషంలో నోట్‌బుక్‌లో రాసుకో. కారినదాన్ని స్టడీలోంచి తీసేస్తానని ప్రోటోకాల్‌లో ముందే రాయి. ఫలితం చూశాక తీసేస్తే అది మోసం కిందికి వస్తుంది.

ఇది చేతికి రావడానికి చిట్టెలుకలే బలి కానక్కర్లేదు. నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. కోడికి రెండు సీకాలు ఉంటాయి, పొడుగ్గా, గుడ్డి సంచుల్లా. సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు కొత్తపేటలో చికెన్ కొట్టతన్ని అడిగి ఆ పేగులు ఒక కవర్‌లో తెచ్చుకునేదాన్ని. అతను వాటిని ఎలాగూ పారేస్తాడు. మా అమ్మ గొడవ పడుతుంటే డాబా మీద కూర్చుని, కడిగి, ట్రేలో పరిచి, సిరాతో బొబ్బలు లేపేదాన్ని. కోడి గోడ మందం ఎక్కువ, కాబట్టి అది మొదటి మెట్టు మాత్రమే. తర్వాత మీ యానిమల్ హౌస్‌లో వేరేవాళ్ల స్టడీ అయిపోయి చనిపోయిన చిట్టెలుకలు ఉంటాయి కదా, వాటి మీద ట్రిపాన్ బ్లూతో చెయ్యి. వరసగా పది బొబ్బల్లో ఎనిమిది నిలిచేదాకా బతికున్నదాన్ని ముట్టుకోకు.

చర్మం కిందకు తిరిగి పోవద్దు. అక్కడ కణితి సులువుగా పెరుగుతుంది కానీ పాకడం అరుదు, చుట్టూ ఉన్న కణజాలం కూడా పేగుది కాదు. సీకంలో ఇంకో సౌకర్యం ఉంది. అది పక్కకు ఉన్న గుడ్డి సంచి కాబట్టి కణితి పెరిగినా పేగు దారి త్వరగా మూసుకుపోదు, పాకడానికి టైం దొరుకుతుంది. పురీషనాళంలో ఎక్కిస్తే కడుపు కొయ్యాల్సిన పని లేదు కానీ దారి తొందరగా అడ్డుపడుతుంది.

తెనాలి_ఫార్మా:

అక్కా, మధ్యలో ఒక డౌట్. మా దగ్గర స్విస్ ఆల్బినో చిట్టెలుకలు చాలా ఉన్నాయి. వాటిలో సీటీ26 పెడితే కుదురుతుందా?

బెజవాడ_ల్యాబ్_అక్క:

కుదరదమ్మా. సీటీ26 బాల్బ్-సి చిట్టెలుకలో పుట్టిన కణితి. అదే జాతిలో పెడితేనే ఒళ్లు దాన్ని తనదిగా చూస్తుంది. స్విస్ ఆల్బినో ఇన్‌బ్రెడ్ (అన్నిటికీ ఒకే జన్యువులు ఉండే జాతి) కాదు, రోగనిరోధక శక్తి దాన్ని తరిమేస్తుంది. కణితి కొద్దిగా పెరిగి కరిగిపోతుంది, నువ్వేమో మందు పనిచేసిందనుకుంటావు. ఎంసీ38 సెల్స్ అయితే సి57 బ్లాక్-6 చిట్టెలుకలకు సరిపోతాయి. హెచ్‌సీటీ116 లాంటి మనిషి సెల్స్‌కు రోగనిరోధక శక్తి లేని న్యూడ్ చిట్టెలుకలు కావాలి. వాటిని ఉంచడానికి ఫిల్టర్ గాలి, స్టెరైల్ పంజరాలు ఉండాలి. మామూలు కాలేజీ యానిమల్ హౌస్‌లో అవి బతకవు.

పటమట_వెట్:

నేను వెటర్నరీ డాక్టర్‌ని. మేడమ్ గారు సర్జరీ గురించి చక్కగా చెప్పారు. చనిపోయిన ఆ మూడింటి గురించి నేను మాట్లాడతాను.

బాబూ, రాత్రంతా మేత ఆపావు. చిట్టెలుకకు వాంతి చేసుకునే శక్తే లేదు, కాబట్టి మత్తుకు ముందు పస్తు ఉంచాల్సిన పని లేదు. 20 గ్రాముల ప్రాణి పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. దానికి తోడు జైలజిన్ గుండె వేగాన్ని, ఒంటి వేడిని రెండింటినీ తగ్గిస్తుంది. రోహిణి కార్తెలో చలేమిటని నువ్వు అనుకుని ఉంటావు. బయట 44 డిగ్రీలు ఉన్నా నీ సర్జరీ గదిలో ఏసీ 22లో ఉంటుంది. కడుపు తెరిచి ఉంది, వెంట్రుకలు గొరిగేశావు, స్పిరిట్ పూశావు. పది నిమిషాల్లో చల్లబడిపోతుంది. చిన్న ఒంట్లో వేడి నిలవదు. 37 డిగ్రీల హీటింగ్ ప్యాడ్, దాని మీద గుడ్డ, మత్తు ఇచ్చిన క్షణం నుంచి పూర్తిగా లేచి నడిచేదాకా ఉండాలి. స్పిరిట్ తగ్గించి బెటాడిన్ వాడు. కళ్లకు ఆయింట్‌మెంట్ మరవకు, మత్తులో రెప్పలు మూసుకోవు. చివర్లో గోరువెచ్చని సెలైన్ అర మిల్లీలీటరు చర్మం కింద ఇవ్వు.

డోసు ఎలా కొలిచావో రాయలేదు. కెటమిన్ సీసాలో మిల్లీలీటరుకు 50 మి.గ్రా. ఉంటుంది. కిలోకు 100 మి.గ్రా. లెక్కన 20 గ్రాముల చిట్టెలుకకు కావాల్సింది 0.04 మి.లీ. జైలజిన్ ఇంకా తక్కువ. అంత చిన్న చుక్కను సిరంజిలో ఎవరూ సరిగ్గా కొలవలేరు. సీసా మీద కెటమిన్ 50, జైలజిన్ 20 అని ఉంటే, కెటమిన్ 1 మి.లీ., జైలజిన్ 0.25 మి.లీ., స్టెరైల్ సెలైన్ 3.75 మి.లీ. కలుపు. అందులోంచి 10 గ్రాముల బరువుకు 0.1 మి.లీ. ఇస్తే కిలోకు కెటమిన్ 100, జైలజిన్ 10 మి.గ్రా. పడుతుంది. ప్రతి చిట్టెలుకనూ ఆ ఉదయమే తూచు. ఐసోఫ్లూరేన్ (పీల్చే మత్తు) మెషీన్ దొరికితే ఇదంతా అక్కర్లేదు, మత్తు ఆపిన కొద్ది నిమిషాల్లో లేచి కూర్చుంటుంది. మీ కాలేజీ కొనడానికి ఒప్పుకుంటే అదే మేలు.

నొప్పి మందు గురించి నీ పోస్టులో ఒక్క ముక్క లేదు. నాకు బాధ కలిగింది అక్కడే. కడుపు కోసిన జంతువు అది. కోతకు ముందే బుప్రెనార్ఫిన్, కిలోకు 0.05 నుంచి 0.1 మి.గ్రా., చర్మం కింద ఇచ్చి, తర్వాత రెండు మూడు రోజులు కొనసాగించాలి. కంట్రోల్డ్ డ్రగ్ కాబట్టి కాగితాల పని ఉంటుంది, ముందే మొదలుపెట్టు. చాలామంది సులువని మెలాక్సికామ్ వాడతారు. నీ స్టడీకి అందులో ఒక చిక్కు ఉంది. అది సీఓఎక్స్-2 ఎంజైమ్‌ను అణిచే మందు. పెద్దపేగు కణితులు పెరగడానికి ఆ ఎంజైమ్ తోడ్పడుతుంది. వాడితే మందు గ్రూపుకూ, కంట్రోల్ గ్రూపుకూ, ఉత్త కోత మాత్రమే పెట్టిన షామ్ గ్రూపుకూ ఒకే డోసు, ఒకే రోజులు ఇచ్చి పేపర్‌లో రాయి. నొప్పి మందు మానేయడం మాత్రం దారి కాదు. నొప్పి ఒత్తిడి కూడా రోగనిరోధక శక్తిని మారుస్తుంది.

కుట్లు రెండు వరసలు వెయ్యి. లోపల కండరానికి 5-0 కరిగే దారం, పైన చర్మానికి విడిగా క్లిప్పులు. ఒకే దారంతో పొడుగ్గా కుడితే ఒక్క చోట కొరికినా మొత్తం విడిపోతుంది. నీ మూడో రోజు చిట్టెలుకకు జరిగింది అదే అయి ఉంటుంది. నొప్పి ఉన్న చోటునే అవి కొరుకుతాయన్నది కూడా గుర్తుంచుకో.

ఇంకొకటి. కడుపులో రక్తపు నీరు చేరేదాకా, 21వ రోజు దాకా ఆగాల్సింది కాదు. బరువు 20 శాతం తగ్గినా, వీపు వంచి వెంట్రుకలు నిక్కబొడుచుకుని మూల కూర్చున్నా, కడుపు ఉబ్బినా ఆ రోజే ముగించాలి. ఒక్కోసారి నీరు చేరడం వల్ల బరువు తగ్గినట్టు కనబడదు, కాబట్టి తూకం ఒక్కటే చూడకు, వెన్నెముక మీద వేలు పెట్టి కండ ఎంత ఉందో చూడు.

గుంటూరు_స్కాలర్:

అక్కా, డాక్టర్ గారూ, మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. డోసు నేను కలపకుండానే ఇచ్చాను సార్. నొప్పి మందు ప్రోటోకాల్‌లో ఉంది, స్టాక్ లేదని వదిలేశాను. అది తప్పే. మా కమిటీకి ఆ మూడు చావుల గురించి రాసి ఇస్తాను.

రెండు విషయాలు అడగాలి. మా గైడ్ సార్‌కు ఇది ఎలా చెప్పను? ఆయన పెద్దవారు, నేను "మీరు చూసింది మెటాస్టాసిస్ కాదు" అంటే బాగుండదు. రెండోది, కాలేయంలోకి పాకడమే ముఖ్యమైతే నేరుగా ప్లీహంలో ఎక్కించే పద్ధతి ఉంది కదా, అదే చేస్తే పోదా?

బెజవాడ_ల్యాబ్_అక్క:

ప్లీహం పద్ధతి మంచిదే, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. ప్లీహంలో ఎక్కించిన సెల్స్ అక్కడి సిరలోంచి పోర్టల్ సిరలోకి, అటు నుంచి కాలేయంలోకి చేరతాయి. కొద్ది నిమిషాలు ఆగి ప్లీహాన్ని కట్టేసి తీసేస్తారు, లేకపోతే అక్కడే పెద్ద కణితి వస్తుంది. కొంతమంది ప్లీహాన్ని రెండు ముక్కలుగా విడదీసి, ఎక్కించిన సగం తీసేసి, మిగతా సగాన్ని రోగనిరోధకత కోసం ఉంచుతారు. రెండు మూడు వారాల్లో కాలేయం నిండా కణితులు దాదాపు ఖాయం. అయితే పేగు గోడను చీల్చుకుని రక్తంలోకి దిగే మొదటి సగం కథ అందులో ఉండదు. నీ కాంపౌండ్ కాలేయంలో స్థిరపడిన కణితిని తగ్గిస్తుందా అన్నది ప్రశ్న అయితే ప్లీహం. పాకకుండా ఆపుతుందా అన్నది ప్రశ్న అయితే సీకం. ఒక్క మాట, సీకం మోడల్‌లో ప్రతి చిట్టెలుకకూ కాలేయంలోకి పాకదు. గ్రూపులో ఎన్ని ఉండాలో లెక్క వేసేటప్పుడు అది మనసులో పెట్టుకో.

సూదితో కారడం మరీ వేధిస్తే ముక్క అతికించే పద్ధతి ఉంది. ముందు ఒక చిట్టెలుక చర్మం కింద కణితి పెంచి, దాని అంచు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు కోసి, సీకం పైపొరను కొద్దిగా గీరి, 8-0 దారంతో కుట్టేస్తారు. నడిమి భాగం తీసుకోకూడదు, అది చచ్చిన కణజాలం. హాఫ్‌మన్ బృందం 1991లో మనుషుల కణితి ముక్కలను న్యూడ్ చిట్టెలుకల పేగుకు ఇలాగే అతికించి పాకడం చూపించింది. చుక్క కారే భయం తక్కువ, కానీ ఒక్కో జంతువుకు టైం ఎక్కువ పడుతుంది, మైక్రోస్కోప్ కింద కుట్టే చెయ్యి కావాలి. ఇప్పుడు చిన్న కొలనోస్కోప్‌తో (పేగు లోపల చూసే గొట్టం) లోపలి నుంచే గోడలోకి ఎక్కించేవాళ్లూ ఉన్నారు, కోతే అక్కర్లేదు. ఆ పరికరం మన దగ్గర దొరకడం కష్టం.

మీ సార్ విషయం. ఆయనతో వాదించకు. ఐదింటి కాలేయాలు ఫార్మలిన్‌లో ఉన్నాయి కదా? అడ్డంగా కోసి స్లైడ్లు చేయించు. కారిన సెల్స్ కాలేయం పై పొరకు బయటి నుంచి అంటుకుని ఉంటాయి. రక్తంలో వచ్చినవైతే కాలేయం లోపలి మాంసంలో ఉంటాయి. పక్కన ఆ సీకం ముక్క కూడా పెట్టు. ఇంకొకటి, చనిపోయిన చిట్టెలుక ఒకటి తీసుకుని ఆయన ఎదురుగానే నీ పాత పద్ధతిలో 50 మైక్రోలీటర్ల ట్రిపాన్ బ్లూ ఎక్కించు. ఏమీ మాట్లాడకు. తర్వాత 20తో చెయ్యి. పెద్దవాళ్లకు మనం చెప్పే కంటే కళ్లతో చూసింది సులువుగా ఎక్కుతుంది.

కొత్త పద్ధతికి, కొత్త నొప్పి మందుకు కమిటీ దగ్గర సవరణ కూడా తీసుకో. సెల్స్ సంఖ్య, మోతాదు మారాయి కాబట్టి పాత అనుమతి చాలదు.

గుంటూరు_స్కాలర్:

నెల రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి.

స్లైడ్లు వచ్చాయి. నాలుగింటిలో కాలేయం లోపల ఏమీ లేదు, అన్నీ పై పొర మీదే. ఆ రోజు సాయంత్రమే సార్‌ను యానిమల్ హౌస్‌కు రమ్మన్నాను. 50 మైక్రోలీటర్లు ఎక్కించి సూది తీశాను. సీకం పక్కనుంచి నీలం కారి గాజ్ గుడ్డ మీద రూపాయి బిళ్లంత మరక అయింది. సార్ చాలాసేపు ఆ మరకనే చూశారు. తర్వాత చేతికి గ్లోవ్స్ వేసుకుని "ఇంకోటి ఉందా? ఈసారి నువ్వు చెప్పిన ఇరవై వెయ్యి, నేను పట్టుకుంటాను" అన్నారు. బొబ్బ నిలిచింది అక్కా.

కొత్తపేట చికెన్ కొట్టు నాకూ అలవాటైపోయింది. నిన్నటికి పదిలో ఏడు నిలుస్తున్నాయి. కమిటీ మీటింగ్ వచ్చే వారం. హీటింగ్ ప్యాడ్ కొన్నాం, బుప్రెనార్ఫిన్ కోసం దరఖాస్తు పెట్టాం. అది చేతికి వచ్చేదాకా సర్జరీ లేదని సారే అన్నారు.